పెద్ద టైర్లు వేశాక చిత్తూరు 5 కిలోమీటర్లు దగ్గరైంది, డీజిల్ మాత్రం ఎక్కువ తాగుతోంది

తోటబండి_తిరుపతి

నాది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్. 2018 బండి, 2.5 లీటర్ల ఇంజిను, ఫోర్ వీల్ డ్రైవ్. మన శ్రీసిటీలో తయారైనదే. కంపెనీ ఇచ్చిన 245/70 ఆర్16 కొలత టైర్లతో ఇన్నాళ్లూ ఏ చింతా లేకుండా నడిపాను. రెండో సెట్టు కూడా అరిగిపోవడంతో రెండు నెలల కిందట మార్చాల్సి వచ్చింది. దుకాణదారు "తోటకు వెళ్లే బండి కదా, ఒక సైజు పెద్దవి వేయండి, నిండుగా కనిపిస్తుంది, గుంతలు తెలియవు" అన్నాడు. ఆ మాట నమ్మి 265/75 ఆర్16, పెద్ద పెద్ద గళ్లున్న ఆల్ టెర్రైన్ (తారు, మట్టి ఏ దారికైనా అనే రకం) టైర్లు వేయించాను. రిమ్ములు పాతవే.

చూడటానికి నిజంగానే బాగుంది. మిగతాదంతా తలకిందులైంది. లీటరుకు పన్నెండున్నర ఇచ్చే బండి 10.8కి పడిపోయింది. గుంతల సంగతి అటుంచి, రోడ్డు మీద అడ్డంగా వేసిన తెల్ల పట్టీలు కూడా ఇప్పుడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. వెనక సీట్లో మా అమ్మ చంద్రగిరి దాటేలోపే నడుం పట్టుకుంటోంది.

మూడోది మరీ వింత. మా ఇంటి గేటు నుండి చిత్తూరులో మా బావమరిది ఇంటి గేటు దాకా ట్రిప్పు మీటరులో 72 కిలోమీటర్లు వచ్చేది. ఏళ్ల తరబడి అంతే. ఇప్పుడు 67 చూపిస్తోంది. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా అదే దారి. మీటరు చెడిపోయిందా? సెన్సారు ఏదైనా కదిలిందా?

పాతబస్టాండు_చిత్తూరు

మేమేమీ జరగలేదన్నా, ఉన్నచోటే ఉన్నాం. మీ బావమరిదిని కూడా ఒకసారి అడిగి చూడండి.

ఘాటుదారి_36

మీటరు సంగతి తర్వాత. గాలి ఎంత పట్టించారు? స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఎక్కడైనా రాసుకుంటోందా? స్టెప్నీ కూడా మార్చారా, పాతదే ఉంచారా? ఈ మూడూ చెప్పండి.

తోటబండి_తిరుపతి

గాలి దుకాణంలోనే పట్టారు, నాలుగింటికీ 45 పాయింట్లు. "పెద్ద టైరుకు ఎక్కువ గాలి కావాలి" అన్నారు. ఎడమవైపు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డు లోపల ప్లాస్టిక్‌కు రాసుకుంటున్న చప్పుడు వస్తుంది. వంగి చూశాను, అరచేయి వెడల్పున నల్లగా నునుపుదేలింది. స్టెప్నీ పాతదే. బండితో వచ్చినది, ఒక్కసారి కూడా నేల తాకలేదు.

నగరి_పికప్

మైలేజీ తగ్గడం మామూలే. కొత్త టైరు మొదట్లో పట్టేసినట్టు ఉంటుంది. మూడు నాలుగు వేలు తిరిగితే దానంతట అదే వస్తుంది. కంగారు పడకండి.

లెక్కలమాస్టారు_శ్రీకాళహస్తి

మీటరు చెడిపోలేదు. సెన్సారు కదలలేదు. మీటరుకు మీరు టైరు మార్చిన సంగతి తెలియదు, అంతే. కొంచెం ఓపికగా చదవండి, మీ మూడు ప్రశ్నల్లో ఒకటిన్నరకు ఇక్కడే జవాబు దొరుకుతుంది.

టైరు పక్కన రాసి ఉండే 245/70 ఆర్16 అంటే: వెడల్పు 245 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 171.5 మిల్లీమీటర్లు. 16 అనేది రిమ్ము అంగుళాల్లో, అంటే 406.4 మిల్లీమీటర్లు. పైన ఒక గోడ, కింద ఒక గోడ, మధ్యలో రిమ్ము. మొత్తం కలిపితే టైరు నిలువెత్తు సుమారు 749 మిల్లీమీటర్లు.

ఇప్పుడు మీ కొత్తది. 265లో 75 శాతం అంటే దాదాపు 199. రెండు గోడలూ రిమ్మూ కలిపితే 804 మిల్లీమీటర్లు. పాతదాని కంటే 7.3 శాతం ఎక్కువ.

మీటరు దూరాన్ని కొలవదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. ఒక్కో చుట్టుకు పాత టైరు 2 మీటర్ల 35 సెంటీమీటర్లు పోయేది. కొత్తది 2 మీటర్ల 52 సెంటీమీటర్ల పైన పోతుంది. మీటరు మాత్రం ప్రతి చుట్టునూ పాత లెక్కలోనే వేసుకుంటోంది. 72ను 1.073తో భాగించి చూడండి.

తోటబండి_తిరుపతి

67.1 వచ్చింది మాస్టారూ. సరిగ్గా నా మీటరు చూపిస్తున్నదే!

అంటే నా మైలేజీ లెక్క కూడా తప్పేనా? నేను ట్యాంకు నింపి, మీటరు చూసి, మళ్లీ నింపి లెక్కించాను.

లెక్కలమాస్టారు_శ్రీకాళహస్తి

తప్పే. లీటర్లు నిజమైనవి, కిలోమీటర్లు తగ్గించి రాసినవి. 10.8ని 1.073తో గుణించండి, 11.6 వస్తుంది. మీరు లీటరుకు 1.7 పోయిందనుకున్నారు. నిజంగా పోయింది 0.9. దాదాపు సగం నష్టం కాగితం మీదే.

అయితే మిగతా సగం నిజం. వెయ్యి కిలోమీటర్లకు ఇంతకుముందు 80 లీటర్లు పట్టేది, ఇప్పుడు 86 పైన పడుతుంది. ఇంకొకటి: ఆయిలు మార్పిడి మీటరు చూసి చేస్తారు కదా. మీటరులో 10,000 అయ్యేసరికి బండి నిజంగా 10,730 తిరిగి ఉంటుంది. ముందే మార్చండి.

నగరి_పికప్

మాస్టారి లెక్కతో నేను ఒప్పుకోను. నా పికప్‌కు 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేశాను. అంతకుముందు మీటరు 80 చూపిస్తే ఫోనులో జీపీఎస్ 76 చూపించేది. ఇప్పుడు మీటరూ ఫోనూ పక్కపక్కన పెడితే రెండూ ఒకటే. అంటే పెద్ద టైరు వేశాక నా మీటరు సరైంది. చెడలేదు.

లెక్కలమాస్టారు_శ్రీకాళహస్తి

మీరు చూసినది నిజం. దాని అర్థం మాత్రం వేరు. మీ మార్పు 4.3 శాతం. వేగం చూపే ముల్లును కంపెనీలు కావాలనే కొంచెం ఎక్కువ చూపేలా పెడతాయి. అసలు వేగం కంటే తక్కువ మాత్రం ఎప్పుడూ చూపకూడదని నిబంధన. మీ టైరు పెరిగినంత మేరకు ఆ తేడా సర్దుకుపోయింది. కానీ దూరం లెక్క అలా ఎక్కువ చేసి పెట్టింది కాదు, ముందు నుంచీ దాదాపు సరిగ్గానే ఉంటుంది. కాబట్టి ఇప్పుడు మీ వేగం సరిగ్గా కనిపిస్తోంది, దూరం 4 శాతం తక్కువ నమోదవుతోంది. నగరి నుండి పుత్తూరు దాకా ఒకసారి ఫోనులో దూరం, మీటరులో దూరం పక్కపక్కన రాసి చూడండి.

నగరి_పికప్

చూస్తాను. చూశాకే మాట్లాడతాను.

పలమనేరు_పాడి

మైలేజీ తగ్గలేదు అనేవాళ్లను కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తే సగం గొడవలు తీరిపోతాయి. మా ఆయన కూడా పెద్ద టైర్లు వేయించి నెల రోజులు "ఏమీ తగ్గలేదు" అన్నారు. పాల బండి లెక్కలు రాసేది నేను. రోజూ అదే దారి, అవే ఊళ్లు, అవే క్యాన్లు. మీటరు సంగతి నాకు అక్కరలేదు, నెల బిల్లు చూస్తే చాలు.

బెల్లంకాటా

మాస్టారు కాగితం మీద సగం తేల్చారు. మిగతా సగం ఎక్కడికి పోయిందో నేను చెబుతాను, తూకం వేసి మరీ చూశాను కాబట్టి.

నేను టైర్లు మార్చిన రోజు పాత చక్రం ఒకటి, కొత్త చక్రం ఒకటి, రెండూ రిమ్ములతో సహా చిత్తూరులో మా మండీకి తెచ్చి బెల్లం తూచే కాటా మీద పెట్టాను. పక్కనున్న కూలీలు దిమ్మెలు దించడం ఆపి మరీ చూశారు. పాతది 26 కిలోలు. కొత్తది ముల్లు అటూ ఇటూ ఊగి 33న్నర దగ్గర ఆగింది. ఒక్కో చక్రానికి 7న్నర కిలోలు, నాలుగింటికీ 30.

టమోటా_మదనపల్లె

30 కిలోలకు మైలేజీ పడిపోతుందా అన్నా? నేను రోజూ టన్నుకు పైగా లోడు వేస్తాను. 30 కిలోలంటే నాకు రెండు క్రేట్లు.

బెల్లంకాటా

ట్రాలీలో వేసిన 30 కిలోలు కూర్చుని ప్రయాణం చేస్తాయి తమ్ముడూ. చక్రంలో ఉన్న 30 కిలోలను బండి ముందుకు లాగాలి, గిరగిరా తిప్పాలి కూడా. ఆ బరువు కూడా ఎక్కడ పెరిగింది? ఇరుసు దగ్గర కాదు, అంచున, నేల తాకే రబ్బరులో. రోకలిని మధ్యలో పట్టుకుని తిప్పడానికీ, చివర పట్టుకుని తిప్పడానికీ ఉన్న తేడా అది. కదిలించిన ప్రతిసారీ డీజిల్ ఖర్చు, ఆపిన ప్రతిసారీ బ్రేకుకు పని.

కుదుపుకు కూడా కారణం అదే. ట్రాలీ బరువు కమాను కట్టల పైన ఉంటుంది. చక్రం బరువు కమానుల కింద ఉంటుంది. గుంతలో పడి పైకి ఎగిరిన చక్రాన్ని తిరిగి నేలకు అదమడమే కమానుల పని, షాక్ అబ్జార్బర్ల పని. అవి 26 కిలోల చక్రానికి తగ్గట్టు చేసినవి. 33 కిలోలది ఎగిరితే వాటికి చేతకాదు. ఆ దెబ్బ సీటుకు వస్తుంది.

గాలిమిషను_రేణిగుంట

ఇరవై ఏళ్లుగా టైర్ల పనిలో ఉన్నాను. తోటబండి అన్నా, కొత్త టైరు మీద కొలత పక్కన ఇంకో అంకె ఉంటుంది, చూసి చెప్పండి. అలాగే పాత టైరు మీద, అంటే మీ స్టెప్నీ మీద కూడా.

తోటబండి_తిరుపతి

కొత్తదాని మీద 123/120 అని ఉంది. స్టెప్నీ మీద 111.

గాలిమిషను_రేణిగుంట

దొరికింది. అది టైరు మోయగల బరువు. 111 అంటే ఒక టైరు 1090 కిలోలు మోస్తుంది. 123 అంటే 1550 కిలోలు. గీత తర్వాత ఉన్న 120 అనేది వెనక రెండేసి చక్రాలున్న బండికి, అక్కడ ఒక్కోటి 1400. మీకు అమ్మినది బరువు బండ్ల టైరు. పక్క గోడ మందంగా, లోపల పొరలు గట్టిగా ఉంటాయి. ముల్లు గుచ్చుకోదు, రాయి కోయదు, కానీ వంగదు. నాలుగు టైర్లకు 6 టన్నులు మోసే గట్టిదనం ఉంది, దాని మీద మీరూ మీ అమ్మగారూ ఒక కూరగాయల సంచీ వేసుకుని వెళ్తున్నారు. పైగా 45 పాయింట్ల గాలి. రాతి చక్రం మీద వెళ్తున్నట్టే.

గాలి ఎంత ఉండాలో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. డోరు దగ్గర స్టిక్కరులోని అంకె పాత కొలతకు రాసినది, దీనికి నేరుగా సరిపోదు. బడిలో వాడే సుద్దముక్క తెచ్చుకోండి. టైరు గళ్ల మీద ఈ అంచు నుండి ఆ అంచు దాకా అడ్డంగా, నాలుగు వేళ్ల వెడల్పున దట్టంగా రాయండి. చదునైన సిమెంటు రోడ్డు మీద స్టీరింగ్ తిప్పకుండా వంద మీటర్లు పోనిచ్చి దిగి చూడండి. మధ్యలో మాత్రమే సుద్ద పోయి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ. అంచుల్లో పోయి మధ్యలో మిగిలితే తక్కువ. మొత్తం సమానంగా పోయేదాకా రెండేసి పాయింట్లు తగ్గిస్తూ చూడాలి. టైరు చల్లగా ఉన్నప్పుడు, ఉదయం పూట చేయండి. ముందు చక్రాలకు వేరుగా, వెనక చక్రాలకు వేరుగా చేయాలి. మామిడికాయల లోడు వేసిన రోజు వెనకవాటికి మళ్లీ పెంచుకోవాలి, మరిచిపోవద్దు.

టమోటా_మదనపల్లె

ఈ సుద్ద సంగతి ముందే తెలిసి ఉంటే నాకు ఒక సీజను నష్టం తప్పేది. గాలి ఎక్కువ పట్టిస్తే మైలేజీ వస్తుందని ఎవరో చెబితే పట్టించాను. భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి మార్కెట్టుకు చేరేసరికి కింది వరుస క్రేట్లలో కాయ నలిగి రసం కారుతోంది. వ్యాపారి చేయి పెట్టి చూసి ధర తగ్గించేశాడు. డీజిల్‌లో మిగిలినది ఒక్క రోజులో పోయింది.

హైలక్స్_కరకంబాడి

నాది వేరే కథ, కానీ ఇక్కడే చెప్పాలి. నేను టైరు ఎత్తు పెంచలేదు, రిమ్ము పెంచాను. కంపెనీ ఇచ్చినది 265/60 ఆర్18. అవి తీసి 20 అంగుళాల రిమ్ములు, 265/50 ఆర్20 టైర్లు వేశాను. మొత్తం ఎత్తు దాదాపు పాతదే కాబట్టి మీటరు తేడా రాలేదు, మైలేజీ కూడా పెద్దగా తగ్గలేదు. అయితే పక్క గోడ 159 మిల్లీమీటర్ల నుండి 132కు తగ్గింది. రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఒక అంగుళం రబ్బరు పోయింది. ఆ అంగుళమే మెత్తదనమంతా అని నాకు తర్వాత అర్థమైంది.

వర్షాకాలంలో పుత్తూరు వైపు వెళ్తుంటే నీళ్లు నిండిన గుంత కనపడలేదు. దబ్బుమని ఒకే ఒక్క దెబ్బ. టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె వచ్చింది, రిమ్ము అంచు లోపలికి వంగింది. ఒక్క రిమ్ము ఖరీదుకు పాత కొలతవి రెండు టైర్లు వచ్చేవి. ఇప్పుడు మళ్లీ 18కే వచ్చేశాను. మా పిల్లలు ముందు ఒప్పుకోలేదు, బడికి వెళ్లేదారిలో నిద్రపోవడం మొదలుపెట్టాక ఒప్పుకున్నారు.

తలకోన_తోవ

అందరూ కలిసి పెద్ద టైర్లను నేరస్తుణ్ణి చేసేశారు. మా వైపు ఒకసారి వచ్చి చూడండి. వాన పడితే మా తోట దారి ఎర్ర బురద, మధ్యలో రాళ్లు తేలిన గట్టు. పాత టైర్లతో ఉన్నప్పుడు ఆ గట్టుకు బండి అడుగు తగిలి ఆగిపోయేది, ట్రాక్టరు వచ్చి లాగేది. పెద్దవి వేశాక గత రెండు వర్షాకాలాల్లో ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. లీటరుకు ఒక కిలోమీటరు తగ్గితే తగ్గనివ్వండి. ట్రాక్టరువాడికి ఇచ్చేదాని ముందు అదెంత?

లెక్కలమాస్టారు_శ్రీకాళహస్తి

మీ మాట నిజమే. ఎత్తు 54 మిల్లీమీటర్లు పెరిగితే అందులో సగం, అంటే 27 మిల్లీమీటర్లు బండి అడుగు పైకి లేస్తుంది. మీ గట్టుకు ఆ అంగుళమే కావాలి. తోటబండి గారు బురదలో నడిపేది ఏడాదికి ఎన్ని రోజులు?

తోటబండి_తిరుపతి

నిజాయితీగా చెప్పాలంటే పది రోజులు. మా తోట బంగారుపాళ్యం దగ్గర. గేటు దాకా తారు రోడ్డే. లోపల రెండు వందల మీటర్లు మట్టి.

ఘాటుదారి_36

స్టెప్నీ పాతదే అన్నారు కదా, అప్పటి నుంచీ ఆ మాట నాకు గుచ్చుకుంటూనే ఉంది. మైలేజీ కంటే, కుదుపు కంటే అది ముఖ్యం.

మీ బండిలో ఇప్పుడు నాలుగు చక్రాలు 804, ఐదోది 749. రాత్రిపూట మొగిలి ఘాట్‌లో పంచర్ పడిందనుకోండి. స్టెప్నీ వేస్తారు. ఒకే ఇరుసు మీద ఒక పక్క పెద్ద చక్రం, ఒక పక్క చిన్న చక్రం. రెండూ ఒకే దూరం పోవాలంటే చిన్నది ఎక్కువసార్లు తిరగాలి, వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే పళ్ల చక్రాల పెట్టె) తిన్నని రోడ్డు మీద కూడా మలుపులో ఉన్నట్టే తిరుగుతూ ఉంటుంది. మెల్లగా ఊరు చేరడానికైతే పరవాలేదు. అలాగే ఫోర్ వీల్ వేస్తే మాత్రం ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానితో ఒకటి బిగిసి పెనుగులాడతాయి. పళ్ల చక్రాలు విరిగితే టైర్ల ఖర్చు గుర్తుకు కూడా రాదు.

ఇక బ్రేకులు. తిరుమల కొండ మీదికీ కిందికీ ఎన్నేళ్లుగానో నడుపుతున్నాను. దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్, 36 మలుపులు. అలిపిరి చేరడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు. బ్రేకు మీద కాలు పెట్టి దిగేవాళ్ల బండ్ల నుండి కాలిన వాసన మాకు మూడు మలుపుల ముందే వస్తుంది. రెండో గేరులో ఇంజినే బండిని పట్టుకుని దించాలి. టైరు ఎత్తు పెరిగితే ఆ పట్టు తగ్గుతుంది, ఎందుకంటే చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఇంజిను అదే దూరానికి తక్కువ తిరుగుతుంది. బ్రేకు కూడా అంతే. లోపలి డిస్కు పాతదే, డ్రమ్ము పాతదే, తిప్పాల్సిన చక్రం మాత్రం పెద్దది. అదే ఆగడానికి 7 శాతం ఎక్కువ బలంతో తొక్కాలి. ఒక్కసారికి తెలియదు. 36 మలుపుల్లో తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు ఇంకో ఇబ్బంది. గేరు ఎత్తుగా మారినట్టు అవుతుంది. మూడో గేరులో ఎక్కిన మలుపుకు రెండో గేరు అడుగుతుంది. గమనించారా?

తోటబండి_తిరుపతి

గమనించాను. గత నెల కొండకు వెళ్లినప్పుడు బండి ఆయాసపడుతోందని మా అమ్మే అంది. డీజిల్ బాగాలేదేమో అనుకున్నాను.

కాగితాలు_చిత్తూరు

ఒక మాట చట్టం గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మీ బండి పుస్తకంలో ఏ కొలతలు రాసి ఉన్నాయో చూసుకోండి. ప్రమాదం జరిగితే బీమా దగ్గర మొదట అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి కావచ్చు.

తలకోన_తోవ

అడవి దారిలో చట్టం ఎవరు చూస్తారు సార్?

కాగితాలు_చిత్తూరు

అడవిలో చూడరు. అడవి దాటి భాకరాపేట రోడ్డెక్కాక ఎవరికైనా తగిలితే చూస్తారు. నేను కోర్టు వరండాలో కూర్చునేవాణ్ణి, ఆ కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్ల ముఖాలు రోజూ చూస్తాను.

నగరి_పికప్

నగరి నుండి పుత్తూరుకు ఫోను పెట్టుకుని వెళ్లి వచ్చాను. రానూపోనూ కలిపి ఫోనులో 30.2, మీటరులో 29. మాస్టారూ, మీరు చెప్పినట్టే వేగం సరిపోయింది, దూరం తగ్గింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూడు నాలుగు వేలు తిరిగితే అదే వస్తుందని పైన రాశాను కదా, ఆ మాటలో కొంచెం మాత్రం ఉంచుకుంటాను. గళ్లు అరిగేకొద్దీ టైరు తేలిక పడుతుంది.

గాలిమిషను_రేణిగుంట

అది నిజమే. కొత్త గళ్లు లోతుగా ఉంటాయి, దొర్లేటప్పుడు ఒక్కో గడీ నొక్కుకుని లేస్తుంది, అందులో శక్తి పోతుంది. ఆల్ టెర్రైన్ టైర్లలో గళ్లు పెద్దవి కాబట్టి ఇంకా ఎక్కువ పోతుంది. హైవే మీద తేనెటీగల రొద లాంటి శబ్దం కూడా వాటిదే. అరిగితే తగ్గుతుంది. అలాగని 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ లోతుకు వచ్చేదాకా వాడకూడదు, అది నిబంధన, వానలో ప్రాణం కూడా.

ఘాటుదారి అన్న స్టెప్నీ గురించి చెప్పారు, దాని మీద ఇంకొకటి. స్టెప్నీ పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది, చూడండి అన్నా.

తోటబండి_తిరుపతి

టార్చిలైటు పెట్టుకుని బండి కింద పడుకుని చూశాను. దుమ్ము తుడిస్తే 1118 కనపడింది.

గాలిమిషను_రేణిగుంట

2018లో 11వ వారం. మార్చి నెల. నేల తాకకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. గోరుతో గళ్ల మధ్య నొక్కి చూడండి, సన్నని పగుళ్లు ఉంటాయి. పంచర్ పడితే ఇంటికి చేరడానికి మాత్రమే వాడండి, చెన్నై దాకా పోవద్దు.

పలమనేరు_పాడి

మా పాల బండి స్టెప్నీ కూడా ఇప్పుడే చూసి వచ్చాను. 4215. ఇంతవరకు దాన్ని కొత్త టైరు అనే పిలుస్తున్నాం.

లెక్కలమాస్టారు_శ్రీకాళహస్తి

రాత్రి కూర్చుని ఒక లెక్క వేశాను. వీ-క్రాస్‌లో పై రకానికి కంపెనీ 255/60 ఆర్18 ఇస్తుంది. దాని ఎత్తు 763 మిల్లీమీటర్లు. 16 అంగుళాల రిమ్ము మీదే 255/70 వేస్తే దాని ఎత్తు కూడా 763. అంటే పాతదానికంటే 2 శాతం మాత్రమే ఎక్కువ. కొంచెం పెద్దది కావాలనిపిస్తే అక్కడితో ఆగవచ్చు.

కాగితాలు_చిత్తూరు

ఎత్తు కలిసినంత మాత్రాన సరిపోదు మాస్టారూ. ఈ బండి పుస్తకంలో ఆ కొలత రాసి ఉండాలి.

తోటబండి_తిరుపతి

పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను.

సుద్ద పరీక్ష చేశాను. ఉదయం ఆరు గంటలకు మా వీధిలో సిమెంటు రోడ్డు మీద. 45 దగ్గర మధ్యలో మూడు వేళ్ల వెడల్పున మాత్రమే సుద్ద పోయింది, రెండు అంచులూ పెళ్లి ముగ్గులా తెల్లగా మిగిలాయి. 43, 41, 39... ముందు చక్రాలకు 36 దగ్గర, వెనకవాటికి 34 దగ్గర మొత్తం సమానంగా తుడుచుకుపోయింది. ఎదురింటి పిల్లలు ప్రతిసారీ పరుగెత్తి వచ్చి నాకంటే ముందు చూసి అరిచేవాళ్లు.

కుదుపు బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. ట్యాంకు నింపి, దూరం ఫోనులో కొలిచి, మళ్లీ నింపాను. 11.5. మాస్టారి లెక్కకు పక్కనే ఉంది. అంటే గాలి సరిచేస్తే నడుముకు మేలు, డీజిల్‌కు కాదు.

స్టెప్నీ, బ్రేకుల మాట చదివినప్పటి నుంచీ మనసు కుదుటపడలేదు. ఘాట్‌లో అమ్మను కూర్చోబెట్టుకుని వెళ్లే బండి ఇది. 245/70 ఆర్16 ఐదు టైర్లు, స్టెప్నీతో సహా, చెప్పేశాను. ఈ పెద్దవి నాలుగూ ఐదు వేల కిలోమీటర్లు తిరిగాయి, ఒక్క పంచర్ లేదు. ఎవరికైనా నిజంగా పనికొస్తే తీసుకోండి.

తలకోన_తోవ

నాకు కావాలి. నావి అరిగిపోవచ్చాయి, కొలత కూడా ఇదే. ఆదివారం పొద్దున వస్తాను, ధర ఎదురుగా మాట్లాడుకుందాం. గాలిమిషను అన్నా, బురద కోసం గాలి ఎంత ఉంచాలో అక్కడే చెప్పాలి మీరు.

ఘాటుదారి_36

ఇవి వేసుకుని ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు. మాట ఇవ్వండి.

తలకోన_తోవ

ఇచ్చాను అన్నా. ఐదోది కూడా అదే కొలతది వెతుకుతున్నాను. అది దొరికేదాకా ఘాట్ ఎక్కను.

తోటబండి_తిరుపతి

కొత్తవి వేయించి నిన్న చిత్తూరు వెళ్లి వచ్చాం. గేటు నుండి గేటుకు 71.9. అమ్మ పూతలపట్టు దాకా నిద్రపోయింది.